మూడో మునక

ఆ రోజుల్లో కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఆదివారమంటే బట్టలుతుక్కోవడం, వారానికి సరిపడా సాంబారు కాచుకోవడం. అలాంటి ఒక ఆదివారం, డెబ్భైల చివరి వేసవిలో, కొండ అవతలి సముద్రానికి బయలుదేరినవి ఇవి: ఆఫీసులో నా సీనియర్, కాకినాడవాడు అయిన అన్నయ్య (వరసకి కాదు, పిలుపుకి), ఆయన భార్య వదిన, నేను, అన్నయ్య పాత కారు, స్టీలు డబ్బాలో పులిహోర, పసుపు, కుంకుమ, తువ్వాళ్ళు. కారణం వదిన మొక్కు. ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నప్పుడు, ఆయన ఉద్యోగం నిలబడితే దంపతులం సముద్రస్నానం చేస్తామని మొక్కుకుంది. ఉద్యోగం నిలబడింది. మొక్కు తీరేదాకా ఆమెకి నిద్ర పట్టడం లేదు.

తీరం ఎంపిక నాకప్పగించారు. ముందే తిరిగి చూసి, ఒకటి రాళ్ళమయమని, ఇంకొకటి అలల మీద పలకలెక్కేవాళ్ళదని, మరొకటి ఎండ కాగేవాళ్ళతో కాలు పెట్టే చోటు లేదని కొట్టేశాను. మిగిలినదానికి లోతు తక్కువ, ఇసుక మెత్తన, లైఫ్‌గార్డ్ కూడా ఉన్నాడు. నీళ్ళలో చెయ్యి మాత్రం పెట్టి చూడలేదు. ఇక్కడిది మధ్యధరా వాతావరణమని లైబ్రరీ పుస్తకంలో చదివి, నీళ్ళు వెచ్చగా ఉంటాయని నేనే తేల్చేశాను.

ఒంటికి నూనె రాసుకుని పడుకున్నవాళ్ళని చూసి వదిన, "వీళ్ళదీ తలంటేనా మరిదీ? సున్నిపిండి కనబడదేం?" అంది. ఈలోగా నేను బొటనవేలు ముంచాను. చల్లదనానికి అది నాది కాదన్నట్టు అయిపోయింది. "సామాన్లు నేను చూస్తుంటాను, మీరు కానివ్వండి" అన్నాను.

ఇద్దరూ చేతులు పట్టుకుని, ముక్కులు మూసుకుని మునిగారు. లేచారు. మళ్ళీ మునిగారు. పట్టుచీర నీళ్ళ మీద గొడుగులా తేలింది. అంతే, లైఫ్‌గార్డ్ పరుగున దూకి, చెరో చంకా పట్టుకుని ఇద్దర్నీ ఒడ్డుకి ఈడ్చుకొచ్చేశాడు.

"రెండే అయ్యాయి. వీడికి చెప్పవయ్యా" అంది వదిన నాతో, నీళ్ళోడుతూ.

అన్నయ్య పళ్ళు టకటకలాడుతున్నాయి. "రెండు చాలవంటావా?"

"మధ్యలో ఒడ్డెక్కితే మళ్ళీ మొదట్నుంచే. ఉద్యోగం సగమే నిలబడితే చాలా మీకు?"

అన్నయ్య మళ్ళీ నీళ్ళ వైపు తిరిగాడు. లైఫ్‌గార్డ్‌కి నాకొచ్చిన ఇంగ్లీషులో విడమరచి చెప్పాను: మునిగిపోవడం కాదు, దేవుడికిచ్చిన మాట, ఉద్యోగం పోనందుకు. అతను తల గోక్కున్నాడు. తనకీ వేసవి అయిపోగానే ఈ పని పోతుందట, తర్వాత ఏమిటో తెలియదట. "ఇది నాకూ పని చేస్తుందా?" అని అడిగాడు. వదినకి చెప్పాను. ఆవిడ అతని నుదుట కుంకుమ పెట్టి, "ముక్కు మూసుకోమను" అంది.

ముగ్గురూ చేతులు పట్టుకుని దిగారు. ఎండ కాగేవాళ్ళు లేచి కూర్చుని చూశారు. మూడో మునక నుంచి లేచినప్పుడు వదిన మొహంలో వచ్చిన వెలుగు, ఆ తర్వాత నేను చూసిన ఏ తీరంలోనూ కనబడలేదు. లెక్కలన్నీ వేసి, ఒడ్డున తువ్వాళ్ళకి కాపలా కాసిన అప్పటి నన్ను, ఆ బక్కపలచటి కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, కాస్త జాలీ వేస్తుంది.

ఆ రోజు మునకలు: వదిన ఐదు, అన్నయ్య ఐదు, లైఫ్‌గార్డ్ మూడు, నేను సున్నా.