చోటెక్కడ మామయ్య

పురిటి ఆసుపత్రిలో వార్డుబాయ్‌గా పనిచేస్తూ, బిడ్డ పుట్టిందంటే తల పట్టుకునే మనిషి లోకం మొత్తానికి ఒక్కడే ఉంటాడు. ఎవరు శుభవార్త చెప్పినా ఆయన నోట వచ్చే మొదటిమాట, "చోటెక్కడుంది?" అందుకే అందరికీ ఆయన చోటెక్కడ మామయ్య.

"మామయ్యా, కవలలు!" అని నర్సమ్మ కేకేస్తే, పసికందులనే నిలదీసేవాడు. "మంచానికి ఇద్దరు తల్లులు, కుళాయికి వీధెడు బిందెలు, బడిలో కూర్చోడానికి గడప. కాస్త కబురంపి రాకూడదూ?"

బస్సులో వేలాడుతూ కూడా ఇదే ఉపన్యాసం. "మీరు దిగితే ఒకరికి చోటొస్తుంది మామయ్యా" అన్నాడు కండక్టర్, ఒళ్లు మండి. నిజమే కదా అనిపించి దిగి, ఇంటికి నడిచొచ్చాడు.

ఆయన్ని భరించడమే ఒక ఉద్యోగం అనుకునేది భార్య. దానికి తోడు, ఆమె మడతమంచం మాయమైంది. మోకాళ్ల నొప్పులతో నేలమీంచి లేవలేని మనిషికి ఆ మంచమే ఆధారం.

"కోడు ఊడితే వెల్డింగుకిచ్చాను. అందాకా నా దుప్పటి కూడా నువ్వే పరుచుకో" అన్నాడు.

వారాలు గడిచినా మంచం రాలేదు. గోడ పట్టుకుని లేచి లేచి విసిగిపోయి, ఆమే వెల్డింగు షాపుకి వెళ్లింది.

"మీ మంచమా? నేను చూడనే లేదత్తయ్యా!"

కొంగు బిగించి ఆసుపత్రికి నడిచింది. వార్డులో కాలు పెట్టే సందు లేదు. బాలింతలు నేలమీదే వరసగా పడుకున్నారు. కిటికీ పక్కన మాత్రం ఒక మడతమంచం. దాని చిరుగుకు తన పాతచీర ముక్కతో తనే వేసిన మాసిక! పైన ఆపరేషనైన పిల్ల, పక్కన పసిగుడ్డు. మామయ్య వంగి వాణ్ణి మందలిస్తున్నాడు.

"చోటెక్కడుందని వచ్చావురా? సరేలే, వచ్చావు. మా ఆవిడ మంచం, పాడుచేయకు."

తలెత్తి భార్యను చూశాడు. ఆ పిల్ల కుట్లు పట్టుకుని లేవబోయింది.

"మీదా అమ్మా?"

దారంతా కూడబెట్టుకున్న తిట్లు ఆమె నోట్లోనే ఆగిపోయాయి. నేలమీంచి లేవడమంటే ఏమిటో ఆమెకు తెలుసు.

"పడుకో తల్లీ" అని మొగుడివైపు తిరిగింది. "మీకసలు బుద్ధుందా? మంచం ఒక్కటే తెచ్చి దిండు ఇంట్లో వదిలేస్తారా?"

సాయంత్రానికల్లా దిండు తెచ్చింది. చంకలో ఇంట్లో ఉన్న రెండు చాపల్లో ఒకటి కూడా ఉంది.

"ఇదీ ఇచ్చేస్తే మనిద్దరికీ?"

"మిగిలిన చాపమీద సర్దుకుందాం."

"ఒక్క చాపమీదా? చోటెక్కడుందే?"

"మీరు కాస్త జరిగితే అదే ఉంటుంది."