కొత్తగూడ బండలో సరుగుడు చెట్టు

మొన్న ఉదయం మా వీధి చివర కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటు ముందు ఒక లారీ ఆగింది. వేళ్ళకు గోనెపట్టాలు చుట్టిన నిలువెత్తు చెట్లు అందులో పడుకుని ఉన్నాయి. నేను కూర తరిగి మళ్ళీ వరండాలోకి వచ్చేసరికి క్రేను వాటన్నిటినీ ఎత్తి వరసగా నిలబెట్టేసింది. పెంచే పనీ లేదు, ఎదురుచూసే పనీ లేదు. చూస్తుంటే నవ్వూ వచ్చింది, ఉక్రోషమూ వచ్చింది. మా పెరట్లో ఒక్క సరుగుడు చెట్టును బతికించడానికి ఎంత రభస జరిగిందో నాకు తెలుసు మరి.

మేము కొత్తగూడలో ఇల్లు కట్టుకున్న రోజుల్లో ఈ ఫ్లైఓవరూ లేదు, ఈ అద్దాల మేడలూ లేవు. ఎటు చూసినా బండలు, సీతాఫలం పొదలేనని మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మామగారు పోయాక అత్తగారు బాపట్ల దగ్గరి ఊరి నుంచి మా దగ్గరికి వచ్చేశారు. పుట్టిందీ మెట్టిందీ సముద్రపు ఒడ్డునే కావడంతో చెవిలో అలల మోత లేనిదే ఆవిడకు కునుకు పట్టేది కాదు. ఎర్రబడ్డ కళ్ళతో లేచి, తమ్ముడి దగ్గరికి పోతానని సంచీ సర్దుకునేవారు. చివరికి ఒకసారి ఊరెళ్ళి సరుగుడు మొక్కతో తిరిగొచ్చి, గాలి వీస్తే ఇది సముద్రంలాగే మోగుతుందనీ, బతికితే ఉంటాననీ, ఎండిపోతే మాత్రం తనను ఆపొద్దనీ తేల్చి చెప్పేశారు. అమ్మ లేని నాకు ఆవిడే అమ్మ. పైకి నవ్వానుగానీ గుండెల్లో రాయి పడింది.

మొక్కతో పాటు ముసలి సరుగుడు చెట్ల కింది ఇసుక కూడా గోనెసంచీ నిండా తెచ్చారు. ఆ పాత చెట్ల ఇసుక తగలనిదే కొత్త మొక్క నాటుకోదని వాళ్ళ ఊళ్ళో అందరూ చేసే పనే అది. బస్సులో ఆ సంచీకి కూడా టికెట్టు కొట్టారని మావారు ఏళ్ళ తరబడి ఆటపట్టించారు. అత్తగారు గుంత తవ్వించి, ఇసుక నింపి, ఊరి అలవాటు ప్రకారం పొద్దునా సాయంత్రం కుండలతో నీళ్ళు పోశారు. అక్కడి నేలలో ఎన్ని పోసినా ఇంకిపోతాయి. ఇక్కడ కిందంతా బండ. మొక్క పసుపెక్కింది, పసుపెక్కినకొద్దీ ఆవిడ ఇంకో కుండ పోసేవారు.

పక్కింట్లో బర్రెలు పెట్టుకుని ఒక పెద్దావిడ ఉండేది, తాతల నాటి నుంచీ కొత్తగూడ మనిషి. ఒకనాడు గోడ మీంచి తొంగిచూసి, "గిదేందక్కా, చెట్టుకు గుంత తవ్వినవా, బర్లకు గోలెం కట్టినవా? గిన్ని నీళ్ళు యాడికి పోవాలె?" అంది. అత్తగారికి రోషం వచ్చి కొన్నాళ్ళు మాటలు మానేశారు. మొక్క కొసలు రాలడం మొదలై, మళ్ళీ సంచీ సర్దుతున్న రోజున ఆ పక్కింటావిడే ఎవరూ పిలవకుండా గడ్డపారతో వచ్చింది. మొక్కను పక్కకు తీసి, గుంత అడుగున బండ నెర్రె విచ్చిన చోట ఇద్దరూ వంతులేసుకుని పొడిచి నీళ్ళకు దారి చేశారు. తన ఇసుకను మాత్రం అత్తగారు పిడికెడైనా పారెయ్యనివ్వలేదు. తొలకరికి మొక్క చిగురేసింది, సంచీ అటకెక్కింది. ఆ రోజు నేను వంటింట్లోకి పోయి తనివితీరా ఏడ్చాను.

చెట్టు డాబా దాటి పెరిగాక దాని మోత వింటూ అత్తగారు హాయిగా నిద్రపోయేవారు. సాయంత్రాలు పక్కింటావిడా వచ్చి ఆ నీడనే కూర్చునేది. సముద్రం ఎరగని మనిషి. "సముద్రం గిట్లనే ఉంటదా అక్కా?" అని అడిగితే, "ఇలాగే ఉంటుంది చెల్లెమ్మా, కాస్త ఉప్పగా," అని అత్తగారు ఏడిపించేవారు. తర్వాతెప్పుడో తమ్ముడి ఇంట పెళ్ళికి ఆవిడనూ వెంటబెట్టుకు వెళ్ళారు. ఒడ్డున నిలబడి, కొంగు నెత్తిన కప్పుకుని, చాలాసేపు విని, "మన చెట్టు లెక్కనే మోగుతున్నది గద అక్కా" అందామె. అత్తగారు ఆమె చెయ్యి పట్టుకున్నారు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. బర్రెల కొట్టం ఉన్న చోట ఇంకో అపార్ట్‌మెంటు లేచింది, వెనక ఆఫీసు మేడ లేచింది. చెట్టు పచ్చగానే ఉంది, దానికేమీ లోటు లేదు, గాలే ఇటు రావడం మానేసింది. చుట్టూ ఏసీల రొద. మొన్న క్రేను వెళ్ళిపోయాక చెట్టు కింద నిలబడి ఎంతసేపు చెవులు రిక్కించినా ఒక్క కొమ్మా కదల్లేదు. సముద్రం వినబడాలని పెంచుకున్న చెట్టు ఇది. ఇప్పుడు మా చెట్టు మోత వినాలంటే నేను సముద్రం దాకా పోవాలి.