అమ్మ కాలి మీద వేసిన నాట్లు

నాకు పదేళ్లప్పుడు అమ్మ ఎడమ కాలి మీద లేచిన పుండు నాకు పెళ్లయ్యాక కూడా మానలేదు. పత్తి చేలో కట్టె పీకుతుంటే గీసుకుపోయిన చిన్న గాయం, ఎన్ని ఆకులు నూరి కట్టినా అరచేయంత అయింది. దూది ఏకి పరుపులు కుట్టడం నాన్న పని. అందులో మెత్తటి దూది ఏరి రోజూ అమ్మకు కట్టు కట్టేవాడు. పక్కింటివాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడుతుంటే నాకు ఒళ్లు మండేది. అమ్మ మాత్రం అదే కాలితో మిరప నాట్లకు పోయేది. ఆమె చేత్తో పెట్టిన నారు చావదని ఊళ్లో అందరూ ముందు ఆమెనే పిలిచేవారు.

పందొమ్మిది వందల అరవైల్లో ఒక ఏడు ఇక అడుగు వేయలేక మంచమెక్కింది. గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్లాం. డాక్టరు గారు దాచకుండా చెప్పారు. పుండు ఎముక దాకా పోతే మోకాలి కింద తీసేయాలి. అంతకుముందు ఒక్క ప్రయత్నం చేసి చూస్తానన్నారు.

"తొడ మీది చర్మం గింజంత ముక్కలుగా తీసి, పుండు మీద ఎడం ఎడంగా పెడతానమ్మా. అంటుకుంటే వాటంతట అవే పెరిగి కలిసిపోతాయి. మీరు మిరప నారు నాటినట్టే అనుకోండి."

అమ్మ ముఖం వెలిగింది. "ఎంత ఎడం పెడతారయ్యా?" అని అడిగింది.

నా తొడ నుంచి తీసుకోమన్నాను. "నీది కొన్నాళ్లుండి రాలిపోతుంది. ఆమెది ఆమెకే అంటుకుంటుంది," అన్నారాయన. ముక్కలు పెట్టి కట్టు కట్టాక, వారం దాకా దాన్ని కదపొద్దని మా ఇద్దరికీ గట్టిగా చెప్పారు.

మూడో రోజు పొద్దున నేను కాఫీ తెచ్చేసరికి మంచం కింద మడుగు. అమ్మ చేతిలో ఖాళీ చెంబు. కట్టు తడిసి ముద్దయింది.

"నీకేమన్నా మతి పోయిందా అమ్మా!" వార్డంతా తిరిగి చూసేలా అరిచాను.

"మూడోనాడు తడి ఇవ్వకపోతే నారు బతుకుద్దా? వీళ్లకెవరికీ గుర్తున్నట్టు లేదు. కట్టు కదపలేదులేవే, పైనుంచే పోశా," అంది తాపీగా.

డాక్టరు గారు వచ్చి కట్టు విప్పారు. ముక్కల్లో చాలావరకు ఊడి తడి గుడ్డతోపాటే వచ్చేశాయి. అయిదో ఆరో నిలిచాయి. ఇక కాలు పోయినట్టే. ఆయన తిడతారనుకున్నాను. తిట్టినా పడాల్సిందే. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"తప్పు నాదేనమ్మా. నారు అన్నాను గానీ నీళ్లొద్దని చెప్పలేదు."

అంత చదివినవాడు మా అమ్మ ముందు తప్పు ఒప్పుకున్నాడు. ఆ ఒక్క మాటకే ఆయనకు జీవితాంతం రుణపడి ఉన్నాను.

"చచ్చినచోట మళ్లీ పెట్టండయ్యా. మేం చేసేదీ అంతేగా. ఇంకో తొడ ఉంది కదా," అంది అమ్మ.

ఆయన మళ్లీ పెట్టారు. ఈసారి చెంబు దాచేసి కాపలా కూర్చున్నాను. ఎనిమిదో రోజు కట్టు విప్పితే ఒక్కో ముక్క చుట్టూ గులాబీ రంగు అంచు. మరో నెలకు అంచులన్నీ కలిసి పుండు మూసుకుపోయింది.

ఈమధ్య పేపర్లో మూలకణాల గురించి చదివాను. పాడైన గుండెను, కాలేయాన్ని వాటితో బాగుచేయాలని చూస్తున్నారట. చర్మంలోనూ అవి ఉంటాయట, కొత్త చర్మం వాటినుంచే పుడుతుందట. ఆ గింజంత ముక్కల్లో ఆయన అమ్మ కాలి మీద నాటింది వాటినేనన్నమాట. వాటి పేరు తెలియకపోయినా ఆ రోజుల్లో ఆయనకు మనసులో ఎన్ని దణ్ణాలు పెట్టుకున్నానో.

అప్పట్లో చివరిసారి ఆయనకు కాలు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అమ్మ చీర కొంచెం పైకెత్తి, మానిన చోట చుక్కలు చూపించింది.

"అంతా బాగుంది గానీ అయ్యా, మీ సాళ్లు వంకర."

ఆయన పగలబడి నవ్వారు. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

బయటికొచ్చి, మెట్ల దగ్గర అలవాటు కొద్దీ చేయి అందించాను. పట్టుకునే మనిషి పక్కన లేదు. అమ్మ అప్పటికే కింద నిలబడి జట్కాను కేకేస్తోంది.