ఊరందరి వ్యాజ్యం

ప్రొద్దుటూరులో మేముండే ఇంటి పక్క ఖాళీ జాగాలో ఎవరో ఇల్లు కడుతున్నారు. పొద్దున్నే మిషను పెట్టి నాపబండలు కోస్తారు. తిరిగే చక్రం మీద నీళ్లు పోసేకొద్దీ తడిసిన రాతిపొడి వాసన, మట్టి వాసన కాదు, సున్నం వాసనా కాదు, గొంతులో చల్లగా దిగబడే వాసన ఒకటి మా వంటింటిదాకా వస్తుంది. ఇరుగుపొరుగు కిటికీలు మూసుకుంటారు. నేను మాత్రం పొయ్యి మీద పాలు మరిచిపోయి, జమ్మలమడుగు దగ్గరి మా ఊరి వంకలో, చిన్నపిల్లనై, మోకాళ్లదాకా తెల్లటి బురదలో నిలబడి ఉంటాను.

మా ఊరికి ఎగువన బండల గనులు, వాటి పక్కనే బండలు కోసి నునుపుపట్టే ఫ్యాక్టరీ ఉండేవి. అక్కడి రాతినీళ్లన్నీ వంకలోకి వదిలేవాళ్లు. ఎండాకాలంలో ఆ బురద ఎండి, పెనం మీది దోసెలా అంచులు లేచి, పలకలు పలకలుగా పగిలేది. మాకదే పండగ. పలకల మీద పుల్లతో బొమ్మలు గీసేవాళ్లం, తడి ఉన్నచోట ముద్దలు తీసి పొయ్యీ, చట్టీ, రోలూ చేసి, బొరుగులూ బెల్లమూ పంచుకుని అన్నాలాట ఆడేవాళ్లం. ఆ బురదే ఊరి పొడుగునా పారి, వంక ఒడ్డునున్న దిగువ వీధి బావిలోకి ఊరుతోందని, ఆ వీధిలో గొర్రెలు మేపుకునే ఓబులమ్మత్త ఆ నీళ్లను కడవలో తేర్చి, పాతచీర మడతల్లో వడగట్టి బిడ్డలకు తాపుతోందని మాకేం పట్టింది?

ఫ్యాక్టరీ మీద కేసు వేయాలని ఊరంతా మా ఇంటి ముందర కూడింది. ఇంటికొకరు వేయనక్కర్లేదని, అందరి తరఫునా ఒక్కరు నిలబడితే చాలని జమ్మలమడుగు వకీలు చెప్పాడట. ఆ ఒక్కరు, నేను జేజినాయన అని పిలిచే మా తాత అయ్యాడు. తెల్లపంచె, చెవికి పోగులు, భుజాన తువ్వాలు. మాట తక్కువ మనిషి. ఓబులమ్మత్త మగవాళ్లను తోసుకుని ముందుకొచ్చి, "నువ్వు ముందర నడువు మామా, నీ ఎనక మేమంతా ఉండాం" అంది.

బడి సెలవుల్లో వాయిదా పడితే జేజినాయన నన్నూ వెంటబెట్టుకుపోయేవాడు. బస్సు కిటికీలోంచి పొద్దుతిరుగుడు చేలు, కోర్టు ఆవరణలో వేపపూత వాసన, టైపుమిషన్ల టకటకలు, పేర్లు పిలిచే బంట్రోతు సాగదీసిన గొంతు, మధ్యాహ్నం హోటల్లో ఉగ్గాని, దాని మీదికి మిరపకాయ బజ్జి. కోర్టంటే నాకు తిరునాళ్లే. ఓబులమ్మత్త కూడా వచ్చేది. బావి నీళ్లు సీసాలో పోసుకుని, కొంగులో చుట్టి తెచ్చేది. జడ్జికి చూపించాలని ఆమె ఆశ. అడుగుకు దిగిన తెల్లమడ్డి పైకి లేచేలా, మా కేసు పిలిచే వేళకు సీసాను గట్టిగా కుదిపి పట్టుకునేది. పిలిచేవాళ్లు, వాయిదా వేసేవాళ్లు. సీసా చూపమని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఉగాది దగ్గరపడిన రోజుల్లో ఫ్యాక్టరీ ఓనరు కారులో మా ఇంటికొచ్చాడు. తలుపులు వేసుకుని శానాసేపు మాట్లాడుకున్నారు. ఆయన పోయాక జేజినాయన మంచం మీద వెల్లకిలా పడుకుని, "ఓడినోడు కోర్టులో ఏడ్చె, గెల్చినోడు ఇంటికొచ్చి ఏడ్చెనంట. ఈ వయసులో ఇంగెన్నాళ్లు తిరుగుదును?" అన్నాడు.

కొన్నాళ్లకు కోర్టు బంట్రోతును వెంటేసుకుని తలారి వచ్చి మా వీధిలో దండోరా వేశాడు. తప్పెట మోగుతుంటే పిల్లలమంతా వెనక గంతులేస్తూ నడిచాం. కేసు రాజీ అవుతుందని, ఇష్టం లేనివాళ్లు కోర్టుకొచ్చి చెప్పుకోవాలని అరిచాడు. మా వీధి చివర, దిగువ వీధికి దారి దిగేచోట జేజినాయన వాణ్ని ఆపాడు.

"ఒరేయ్, ఈ ఎండలో ఆడికి యాడ దిగుతావురా? రా, కొంచెం కడుపుకు తిను."

అవ్వ వాకిట్లోంచి, "దిగువీధోళ్లకు ఇనపడలేదు గదా" అంది.

"నేను చెప్తాలే."

వాళ్లిద్దరికీ విస్తళ్లు వేశారు. వేడివేడి ఓళిగల మీద నేనే నెయ్యి వడ్డించాను. ఎండలో తిరిగే మనిషిని పిలిచి అన్నం పెట్టే మా జేజినాయనంత దయగలవాడు భూమ్మీద లేడని ఆ రోజు పొంగిపోయాను.

వేసవి ముగిసేలోగా ఫ్యాక్టరీవాళ్లు మా గేటు ముందర బోరు వేయించారు. నీళ్లు కొబ్బరినీళ్లంత తియ్యన. మోటారు ఆడినంతసేపూ ధార కింద కూర్చుని తానాలు చేసేదాన్ని. మా ఎగువ వీధివాళ్ల కడవలు నిండాక దిగువ వీధి ఆడవాళ్ల వంతు వచ్చేది. ఒక్కోరోజు అంతలోనే కరెంటు పోయేది. వంకలోకి బురద ఎప్పట్లాగే పారుతోంది. ఓబులమ్మత్త అడిగితే జేజినాయన, "బోరు ముందర ఏసినారు. కేసు నడుస్తానే ఉంటాది" అన్నాడు. ఆమె నమ్మింది. తెలిసిన ఎగువ వీధివాళ్లు నోరు మెదపలేదు. ఆ తర్వాత ఆమె గొర్రెలు ఒకటొకటే జబ్బుపడ్డాయి. మిగిలినవి అమ్ముకుని ఊరు విడిచిపోయింది. ఆమె వెనకే ఆ వీధి ఇల్లిల్లూ ఖాళీ అయింది.

పెద్దయ్యాక పులివెందులలో టీచరుగా ఉన్నప్పుడు, పక్కింటి వకీలమ్మ భోజనాల దగ్గర మాటల్లో చెప్పింది: ఊరందరి తరఫునా వేసిన వ్యాజ్యాన్ని ఒక్కడు రాజీ చేసుకోవడానికి లేదు, కోర్టు ఒప్పుకోవాలి, ఒప్పుకునే ముందు అందరికీ తెలియజేయాలి, పల్లెల్లో అందుకే దండోరా వేయిస్తారని. కలిపిన ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. జేజినాయన అప్పటికే లేడు. ఉన్నా అడిగేదాన్నో లేదో తెలియదు. ఆయన మీద కోపం రాలేదు. ఆ బోరు నీళ్లు తాగి పెరిగిన ఒళ్లు నాది.

ఇప్పుడు దిగువ వీధి లేదు. బావి పూడ్చేశారు, ఇండ్లున్న చోట కంపచెట్లు మొలిచాయి. వంక ఎండిపోయి, అందులో ఆడుకునే పిల్లలూ లేరు.

పోయిన నెల ప్రొద్దుటూరు కూరగాయల మార్కెట్లో చింతచిగురు అమ్ముతున్న ముసలామె నా మొహంలోకి తేరిపార చూసింది.

"పెద్దాయన మనవరాలివి గదా పాపా? అదే ముక్కు! నేను ఓబులమ్మను."

పక్కన కూర్చోబెట్టుకుంది. "మీ జేజినాయన మారాజు. బస్సులో తువ్వాలేసి నాగ్గూడా సీటు పట్టేటోడు. అవునుగానీ, ఆ కేసు యాడిదాకా వచ్చిందమ్మా? మా బిడ్డలు అడుగుతాంటారు."

నడుస్తాంది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఓనరు రావడం, రాజీ, బోరు, అన్నీ చెప్పాను. తల ఎత్తలేకపోయాను.

ఆమె చింతచిగురు మీద నీళ్లు చిలకరిస్తున్న చెయ్యి ఆపింది.

"మరి మాకు చెప్పలేదేమి?"

"దండోరా ఏసినారత్తా. మా వీధి వరకు."

కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక అడుగుతున్నట్టు అంది:

"మేము ఆడనే ఉంటిమి గదమ్మా. యాడికీ పోలేదే."