వానశెట్టి గొడుగు

కళ్యాణదుర్గం బస్టాండు ఎదురుగా గొడుగుల అంగడి పెట్టినవాణ్ని ఏమనాలో రామలింగయ్యకు బాగా తెలుసు. ఊళ్లోవాళ్లు అనక ముందే తనే అనుకునేవాడు. వాన పడని సీమలో గొడుగులమ్మే మొనగాడు! కిరాణా పెట్టుకోరా అని తండ్రి నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. "వాన లేకుంటే ఎండన్నా ఉంటాది కదా నాయనా, రెండిటికీ గొడుగే" అని లెక్క చెప్పాడు. ఇక్కడి రైతు ఎండకు తలగుడ్డ చుట్టుకుంటాడన్న సంగతి ఆ లెక్కలోకి రానే లేదు. పక్కన టార్పాలిన్ పట్టలు కూడా పెట్టాడు గనక అంగడి ఇన్నాళ్లూ ఎలాగో ఈడ్చుకొచ్చాడు.

ఇప్పుడు ఆ పట్టలు కూడా జనం ఫోన్లోనే తెప్పించుకుంటున్నారు. రామలింగయ్య ఈగలు తోలుకుంటూ కూర్చోవడం చూసి, డిగ్రీ చదివే కూతురు నాగజ్యోతి ఒకరోజు ఆయన ఫోన్ లాక్కుంది.

"నాయనా, బేరం కంటే ముందు పరిచయం కావాల. దినామూ కనపడు, పేరు పెట్టి పలకరించు. జనం వాళ్లే వస్తారు" అని ఇన్‌స్టాగ్రామ్ తెరిచి చేతిలో పెట్టింది.

మొదటి వీడియోలో రామలింగయ్య గొడుగు పట్టుకుని, కోర్టులో సాక్ష్యం చెప్పేవాడిలా బిగుసుకుపోయి, దాని కమ్మీల గురించి చెప్పాడు. దాన్ని చూసింది ముగ్గురు. తనూ, కూతురూ, భార్య నాగరత్నమ్మ. "ఆ చిరుగుల బనీనుతోనే నిలబడల్లా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?" అని ఆమె దులిపేసింది. ఆ నాలుగోవాడు ఎక్కడున్నాడో తెలిస్తే, వెళ్లి కాళ్లు పట్టుకుందామనుకున్నాడు ఆయన.

అట్లాంటి వేళ ఒక సాయంత్రం బస్టాండు మీదికి మబ్బులు కమ్మి నల్లగా మోడం పట్టింది. ఏం పూనిందో ఏమో, రామలింగయ్య రోడ్డు మీదికి పరిగెత్తి ఫోన్ ఎత్తాడు. "అన్నల్లారా, చూడండి మోడం! రేపటికి వాన గ్యారంటీ! గొడుగులు, పట్టలు రెడీ పెట్టుకోండప్పా!"

మర్నాడు నాలుగు చినుకులు రాలాయి. దుమ్ము అణగడానికి కూడా చాలలేదు గానీ, రామలింగయ్య దశ తిరగడానికి చాలాయి. వీడియో ఊరూరా తిరిగింది. టీ అంగడి దగ్గర కుర్రకారు "వానశెట్టీ!" అని కేకేయడం మొదలుపెట్టారు. పల్లెల నుంచి వచ్చినవాళ్లు అంగడి ముందు ఆగి "రేపెట్లుండాది శెట్టీ?" అని అడిగేవారు. అడిగినవాళ్లలో కొందరు మొహమాటానికి ఒక గొడుగు కొనేవారు. పొద్దున లేస్తే వీడియో, మధ్యాహ్నం దాకా దాని కింద రాసినవాళ్లకు జవాబులు. వస్తాది ఈశ్వరప్పా! వస్తాది పుష్పావతమ్మా! వాన ఈయన అంగట్లో సరుకైనట్టు అందరికీ పంచిపెట్టాడు. ఆకాశం వైపు చూడటం కూడా మానేశాడు. చూస్తే మాట తడబడుతుంది కదా!

ఆరుద్ర కార్తె వచ్చింది. రైతులంతా వేరుశనగ విత్తడానికి వాన పదును కోసం కాచుకుని ఉన్నారు. అప్పుడే ఈయనగారికి కొత్త గొడుగుల పెట్టెలు దిగాయి. ఆ ఊపులో, "శుక్రవారం పెద్ద వాన! రాసిపెట్టుకోండి!" అని తొడగొట్టినంత పని చేశాడు.

గురువారం సాయంత్రం ఫోన్లో ఆ వీడియో కింద ఒక మాట కనబడింది. పట్టలు కొనడానికి ఏటా వచ్చే తిమ్మన్న రాసింది. "శెట్టీ, నీ మాట మీద రేపు పొద్దున్నే విత్తేకి గొర్రు కడతాండా."

రామలింగయ్య అంగట్లోంచి బయటికి ఉరికాడు. చాలా రోజుల తర్వాత తల ఎత్తి ఆకాశం చూశాడు. కడిగిన కంచంలా ఉంది. తిమ్మన్నకు ఉన్నది ఒక్క చేను, ఇంట్లో దాచుకున్నది ఒక్క పంటకు సరిపడే విత్తనం. ఎండు నేలలో పోస్తే చీమలకూ పక్షులకూ పెట్టినట్టే. మళ్లీ విత్తడానికి ఇంట్లో గింజ ఉండదు.

ఫోన్ చేస్తే కలవలేదు. వీడియో తీసేద్దామంటే, "ఇంకేం తీస్తావు నాయనా, జిల్లా అంతా చూసేసినారు" అంది నాగజ్యోతి. ఆ రాత్రి ఆయనకు నిద్ర పడితే ఒట్టు. "థూ నీ బతుకు! గొడుగు అమ్ముకోవడానికి వాన అమ్మినావు గదరా" అని తనను తానే తిట్టుకున్నాడు.

తెల్లవారగానే తిమ్మన్న ఊరికి షేర్ ఆటో ఎక్కాడు. దిగాక చేను దాకా నడవాలి గనక, ఎండకని అంగట్లోంచి ఒక గొడుగు చంకలో పెట్టుకున్నాడు. ఊరి మొదట్లోనే తిమ్మన్న భార్య నల్లమ్మ ఎదురైంది. ఈయన మొహం చూసింది, గొడుగు చూసింది. "అయ్యో, శెట్టే గొడుగు తెచ్చుకున్నాడే!" అంటూ గబగబా మిద్దె ఎక్కి, ఎండబెట్టిన చింతపండు చాపతో సహా చుట్టేసింది. రామలింగయ్యకు ఏడుపొక్కటే తక్కువ. చేను వైపు పరిగెత్తాడు.

గట్టు మీద గొర్రు కనబడింది. ఎద్దులూ ఉన్నాయి. అయిపోయిందిరా దేవుడా అనుకున్నాడు.

"తిమ్మన్నా! విత్తొద్దప్పా! నాకు వానా తెలీదు, పాడూ తెలీదు! గొడుగులు అమ్ముడుపోతాయని వాగినా. నా గొడుగు చూసి మీ నల్లమ్మ చింతపండు కూడా ఎత్తేసింది! నీ కాళ్లు మొక్కుతా, ఆపు!"

గొర్రుకు మేకు కొడుతున్న తిమ్మన్న సుత్తి పక్కన పెట్టి, కాసేపు ఈయన్ను చూసి, పగలబడి నవ్వాడు.

"ఏమప్పా శెట్టీ, నీ మాట ఇని విత్తేంత ఎర్రోన్నా నేను? మా ఊరోళ్లు నవ్వుకుంటారని ఊరికే రాసినా. ఇది ఇరిగిపోయింటే బాగు సేసుకుంటాండా."

రామలింగయ్య గట్టు మీద కూలబడిపోయాడు. ప్రాణం లేచొచ్చింది. ఆ వెనకే రోషమూ వచ్చింది. జిల్లాకంతా వాన చెప్పే మనిషిని పట్టుకుని, నమ్మేంత ఎర్రోణ్ని కాదంటాడేమిటి!

"ఎవరూ నమ్మరా?"

"యాడ నమ్మేది? నువ్వు సెప్పిన నాడంతా ఎండే గదప్పా."

"మరి దినామూ ఎందుకు చూస్తారు?"

తిమ్మన్న నవ్వు ఆపాడు. తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"టీవీ పెడితే లేదంటాది. వ్యవసాయం సార్లనడిగితే లేదంటారు. ఇంట్లో ఆడది కూడా రాదులే అంటాది. పొద్దున్నే ఎవురో ఒకడు వస్తాది తిమ్మన్నా అని పేరు పెట్టి సెప్తే, ఇనబుద్ధయితాది శెట్టీ. అబద్ధమని తెల్సినా."

రామలింగయ్యకు కళ్లు చెమర్చాయి, సిగ్గుతో తల వంచుకున్నాడు.

"ఇంక పెట్టను తిమ్మన్నా."

"పెట్టకుంటే ఎట్లా? పెట్టు. వస్తాదని సెప్పు. ఏ పొద్దని మాత్రం సెప్పొద్దు."

సరేనని తల ఊపి లేచాడు. ఎండ నడినెత్తికెక్కుతోంది. అలవాటుగా గొడుగు విప్పబోతే తిమ్మన్న వెనక నుంచి కేకేశాడు.

"ముడుసుకో శెట్టీ, ముడుసుకో! మా నల్లమ్మను సూస్తివి గదా. నీ మాట నమ్మకపోయినా, నీ గొడుగు సూస్తే ఎవురన్నా నిజంగానే విత్తేస్తారు!"

గొడుగుల శెట్టి గొడుగు ముడిచి చంకలో పెట్టుకున్నాడు. జేబు రుమాలు తీసి తలకు చుట్టుకుని, ఆటో దాకా ఎండలోనే నడిచాడు.