తొండం ఎత్తిన ఏనుగు

మా తమ్ముణ్ణి వినాయకుడే వచ్చి తీసుకుపోయాడని తిరుపతిలో మా వాళ్ళందరూ చెప్పుకుంటారు. కాదు. వాణ్ణి చంపింది ఏనుగు. పిల్లను వెంటబెట్టుకుని నీళ్ళకు వచ్చిన తల్లి ఏనుగు. నేను చూశాను. చెప్పుకునేవాళ్ళలో ఒక్కరూ చూడలేదు.

డెబ్బైల చివర్లో మా ఆయనకు జాంబియాలో టీచరు ఉద్యోగం వచ్చింది. తరువాత తమ్ముడూ అక్కడికే టీచరుగా వచ్చాడు. ఆ ఎండాకాలం ముగ్గురం పులిహోర కట్టుకుని, నది ఒడ్డున ఉన్న జంతువుల పార్కుకు వెళ్ళాం. పైకప్పు లేని జీపు. నది సగం ఎండిపోయి, ఇసుక దిబ్బల మీద మొసళ్ళు నోళ్ళు తెరుచుకుని పడున్నాయి. నీళ్ళలోంచి ముక్కులు మాత్రం పైకి పెట్టిన నీటిగుర్రాల్ని చూసి వాడు, "ఏందక్కా, ఇంత దూరమొచ్చి పూతలపట్టు చెరువులో ఎనుముల్ని సూస్తా ఉండామే" అన్నాడు. ఎందుకు నవ్వుతున్నారని జీపు నడుపుతున్న పార్కు గార్డు అడిగితే, మా వైపు చెరువుల్లో గేదెలు ఇట్లాగే పడుంటాయని చెప్పాను.

మలుపు తిరగ్గానే ఆ ఏనుగు దారికి అడ్డంగా నిలబడి ఉంది, వెనకాల పిల్ల. గార్డు జీపు ఆపి, కదలొద్దని చెయ్యి చూపాడు. నేను తిరిగి చూసేసరికి తమ్ముడి చెప్పులు సీటు కింద ఉన్నాయి, వాడు లేడు. దిగి ముందుకు పోయి, చిన్నప్పటి నుంచీ గుడి ఏనుగు ముందు నిలబడినట్టే చేతులు జోడించాడు. ఏనుగు తొండం ఎత్తింది. వాడు తల వంచాడు. గార్డు అరిచాడు, నేనూ అరిచాను. అంతే.

తిరుపతిలో ఇంటికి వచ్చాక నాయన నన్ను ఒక్కటే అడిగాడు.

"తొండమెత్తిందామ్మా?"

"ఎత్తింది నాయనా. వాసన పట్టేదానికి."

"ఎత్తిందన్నావు గదా, సాలు."

మిగతా సగం మాట ఆయనకు అక్కర్లేకపోయింది. వినాయకుడు పుట్టింది అక్కడే. అడవి ఏనుగుకు దీవించడం ఎవరూ నేర్పలేదని ఎన్నిసార్లు చెప్పినా, చదువుకున్నదానివి నీకు అట్లాగే కనపడుతుందిలే అని అమ్మ మొహం తిప్పుకునేది. కొడుకు పోయినవాళ్ళతో వాదనేమిటని మా ఆయన కసిరాడు. వాదిస్తాను. పోయినవాడు నాకు తమ్ముడు కూడా.

నాకు కనిపించింది వాడి వీపు ఒక్కటే. ఇన్నేళ్ళ తరువాత కూడా ఎవరైనా చెబితే బాగుండుననిపిస్తుంది: మా అరుపు వాడికి వినబడిందా, లేక ఆ తొండం మెల్లగా నెత్తి మీదికి దిగుతుందనుకుంటూ, కళ్ళు మూసుకుని అలాగే నిలబడ్డాడా?