బడి వెనక గుంతమ్మ

ఆ రోజుల్లో చెత్త కంటికి కనపడకపోతే ఇంక అది లేనట్టే మాకు. పత్తికొండ పక్క మా పల్లెలో, ఎలిమెంటరీ బడిలో మధ్యాన్నం అన్నం వండే పని నాకు కొత్తగా వచ్చింది. టమాటా తొక్కులు, ఎర్రగడ్డల పొట్టు, పిల్లోళ్లు వదిలేసిన మెతుకులు, అన్నీ గోడవతలికి విసిరేస్తాంటి. (నా చెయ్యి శానా బలం. గోడవతల ఉండే పెద్దమ్మ తిట్లూ అంతే బలం.) కడప నుంచి వచ్చిన కొత్త టీచరమ్మ బడి వెనక గుంత తవ్విచ్చి, "అక్కా, కుళ్లేదంతా దీంట్లో వెయ్యి, పైన ఇంత మన్ను చల్లు. ప్లాస్టిక్ మాత్రం వద్దు. వానల నాటికి ఎరువైతాది, పిల్లోళ్లతో వంగనారు నాటిస్తా" అనింది. పెద్దసారేమో, "పందులొచ్చినాయంటే ఆ పొద్దే పూడ్పిస్తామ్మా" అనె.

చలికాలం ఒక పొద్దున పొయ్యి ముట్టిద్దామని పోతే, గుంతలోంచి పొగలు! నిప్పు లేదు, అగ్గిపుల్ల లేదు. చెయ్యి పెడితే జరమొచ్చిన బిడ్డ ఒళ్లు మాదిరి వెచ్చగా ఉండాది. అమ్మోరే వెలిసిందనుకుంటి. ఇంటికి ఉరికి పసుపు కుంకుమ తెచ్చి, అంచున పూసి చెంపలేసుకుంటి. మధ్యాన్నానికి ఊర్లో ఆడోళ్లంతా టెంకాయలతో దిగిరి. "అమ్మ మీద ఎంగిలి వేస్తారా? కండ్లు పోతాయి!" అని పెద్దమ్మ అరిచేసరికి పిల్లోళ్లు బెదిరి, తొక్కులు మళ్లా గోడవతలికే వేసిరి. పందులు రానే వచ్చె. పెద్దసారు పార మనిషిని పిలిపిచ్చె.

"అది కుళ్లేటప్పుడు పుట్టే వేడమ్మా" అని టీచరమ్మ ఎంత మొత్తుకున్యా ఎవరు వింటారు? కడాకు ఆమె గుంతకు అడ్డం నిలబడి, "సరే, అమ్మే అనుకోండి. ఇన్నాళ్లూ ఆ తల్లి తినింది మీ తొక్కులే కదా? ఇప్పుడు పస్తు పెడ్తారా?" అనింది. పెద్దమ్మ కొంగు నడుముకు చెక్కి, "అట్లయితే మా ఇంటివి కూడా తెస్తా పో" అనె. పార మనిషి వెనక్కి పాయె. ఆ పొద్దు నుంచి కాపలా నేనే. చాక్లెట్ కాగితం కనపడితే చాలు, "యాడేస్తాండావురా, అమ్మకు ప్లాస్టిక్ పడదు!" అని పిల్లోళ్ల వెంట పడతాంటి.

తొలకరికి గుంత తెరిస్తిమి. తొక్కు లేదు, మెతుకు లేదు. నల్లగా, పొడిపొడిగా, తొలివాన వాసనతో మన్ను! అల్లరి పిల్లోళ్లు కూడా వంగి వంగి చూసిరి. నేను దోసిట్లోకి తీసుకుని నోరు తెరుచుకుని ఉంటి. అంతలో పార కొనకు ఏదో తగిలె. తీసి చూస్తే కుంకుమ ప్లాస్టిక్ కవరు, చెక్కు చెదరలేదు, లోపల కుంకుమ ఇంకా ఎర్రగానే ఉండాది. "ఇదెవరిదక్కా?" అని టీచరమ్మ అడిగె. "ఇంకెవరిది, మన కాపలాదారుదే!" అని పెద్దమ్మ పగలబడి నవ్వె.

ఆ వేడి ఎందుకు పుడతాదో ఇప్పుడు నాకూ తెలుసు. తెలిసినా, మా పెరట్లో నేను తవ్వుకున్న గుంత పొగలు కక్కినప్పుడు, ఆనాడు చెంపలేసుకున్న వెర్రిపిల్ల గుర్తొచ్చి, ఎవరూ చూడకుండా ఒక దండం పెట్టుకుంటా. కుంకుమ మాత్రం కాగితం పొట్లంలోనే తీసుకుపోతా.